నీళ్ళ సెలవులు

లుటాంగా దిబ్బ,
19 జనవరి 1981

చెల్లీ నమూకోలో,

రేపు పోస్టు పడవ వస్తుందని పిల్లలకి ఎక్కాలు రాయమని చెప్పి, బల్ల మీద ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ బడికి హెడ్మాస్టర్ని నేనే కనక ఇదేమిటని అడిగేవాళ్ళు లేరు.

మా లింపో కాబ్వే చేరిందని, నువ్వూ మరిది కలలూకా బస్సు దగ్గరికి ఎదురొచ్చారని మోంగూ డ్రైవరు కబురు చెప్పాడు. అప్పటిదాకా నాకు సంకటి ముద్ద గొంతు దిగలేదు. మా బడి నాలుగో తరగతితో సరి. ఐదు చదవాలంటే ఈ వరద మైదానం దాటి మెట్ట మీదికి పోవాలి. అక్కడ హాస్టల్లో దోమల మధ్య పదకొండేళ్ళ పిల్లని ఎలా పడేయను? "నా దగ్గరికి పంపు అక్కా, పిల్లాజెల్లా లేని ఇల్లు, గోడలతో కబుర్లు చెప్పుకుంటున్నాను" అని నువ్వు రాశాక ఇంక ఆలోచించలేదు. మీ బావ ఉంటే ఆయనా అదే అనేవాడు.

దానికి బెండకాయ పడదు. పులిసిన పాలలో పంచదార దండిగా వేస్తేగాని సంకటి తినదు. ఆలోచనలో ఉన్నప్పుడు గౌను అంచు నములుతుంది. కొట్టకు. చెయ్యి పట్టుకుని పక్కన పెట్టు, చాలు.

రేవులో ఏడవలేదు. దోనె ఎక్కి కూర్చున్నాక, "అమ్మా, సెలవులెప్పుడు?" అని మాత్రం అడిగింది. ఇన్నేళ్ళుగా పిల్లలందరూ నన్నడిగే ప్రశ్నే అది. జవాబు చెప్పేలోపు దోనె కదిలింది.

చెప్పడానికి జవాబుందా అసలు? మీ బడికి సెలవులు సర్కారు కాగితం ఇస్తుంది. మా బడికి నీళ్ళు ఇస్తాయి. వరదలో, దోనెలోనే పుట్టినదానివి, నీకు నేను చెప్పక్కర్లేదు. మార్చిలో నీళ్ళొస్తే మూస్తాం, జూన్‌లో తీస్తే తెరుస్తాం. మీకు ఆగస్టు సెలవులైతే ఆగస్టులో మాకు పాఠాలు. మీకు డిసెంబరు సెలవులైతే అప్పుడూ మాకు పాఠాలే. రెండు బడులూ ఒక్కసారి తలుపులేసేది ఏప్రిల్లోనే. మీవాళ్ళు ఏ రోజున మూస్తారో కనుక్కుని రాయి. ఆ రోజుకి మోంగూ బస్టాండులో నిలబడి ఉంటాను.

దాని నెత్తిన నా చెయ్యి అనుకుని ఒకసారి చెయ్యి పెట్టు.

నీ అక్క,
నసిలేలే

---

కాబ్వే, రైల్వే క్వార్టర్లు,
20 ఫిబ్రవరి 1981

అక్కా,

ముందు చేతులు తట్టి దణ్ణం పెడుతున్నాను, అందుకో. తర్వాత తిట్టకు, ఆలస్యమైంది. బడి తెరిచారు కదా, ఊళ్ళో పిల్లలందరి యూనిఫారాలూ నా మిషను మీదే పడ్డాయి. నీలం గుడ్డ చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

ఏప్రిల్ మూడున మూస్తారు, మే మొదటి వారంలో తెరుస్తారు. కలలూకా స్వయంగా వెళ్ళి బడి బోర్డు మీద చూసి వచ్చాడు. "మీ అక్కతో చెప్పు, రైలు లేటైనా అవుతుందిగాని ఈ తారీకు మారదు" అన్నాడు. రైల్వే మనిషి నోట ఆ మాట వింటే నవ్వొచ్చింది.

మొదట్లో మాట పెగల్లేదు దానికి. ఇక్కడందరిదీ బెంబా భాష. క్లాసులో "చేపల పిల్ల" అని పేరు పెట్టారట. ఇది ఊరుకుంటుందా? భాష కాస్త పట్టుబడగానే, "మీరు చేపని డబ్బాలో చూస్తారు, నేను నీళ్ళలో చూశాను" అందట. ఆ అన్నవాళ్ళే ఇప్పుడు దీని స్నేహితులు.

ఒక సంగతి చెప్పాలి. పోయిన ఆదివారం వాకిట్లో కూర్చోబెట్టుకుని జుట్టు అల్లుతున్నాను. తల నా మోకాలికి ఆనించి, "అమ్మా, నొప్పి" అంది. మన వైపు పిన్నిని కూడా అమ్మా అనే పిలుస్తారు, నాకు తెలియదా? అయినా చేతిలో పాయ జారిపోయింది. లోపల్నుంచి కలలూకా, "ఏమిటే ఆ ముక్కు చీదడం?" అన్నాడు. ఉల్లిపాయ తరిగానన్నాను. "జుట్టల్లడానికి ఉల్లిపాయెందుకే?" అన్నాడు. ఆ మనిషికి ఎక్కడ ఊరుకోవాలో తెలీదు.

ఏప్రిల్లో దాన్ని బస్సెక్కిస్తాను. సంచీ ఇప్పట్నుంచే గుమ్మం పక్కన పెట్టుకుంది.

నీ చిన్నది,
నమూకోలో

---

లుటాంగా దిబ్బ,
22 మార్చి 1981

నమూకోలోకి,

పడవ వాళ్ళు తొందర పెడుతున్నారు, అందుకే నాలుగు ముక్కలు.

ఈ ఏడు నీళ్ళు రాలేదు. కాలవలో మోకాలి లోతు లేదు. మెట్టకి తరలమని కొట్టే రాజుగారి నగారా ఇంకా మోగలేదు, ఆయన నావే కదలకపోతే ఊళ్ళేం కదులుతాయి? నీళ్ళొచ్చేదాకా బడి మూయవద్దని విద్యాశాఖ ఆఫీసు వాళ్ళ ఉత్తర్వు. ఏప్రిలంతా పాఠాలుంటాయి. ఉన్న ఒక్క కుర్ర మాస్టారూ జ్వరంతో మెట్టకి పోయాడు. నాలుగు తరగతులూ నా నెత్తినే ఉన్నాయి.

కాబట్టి లింపోను ఇప్పుడు పంపవద్దు. వచ్చినా పొద్దుటి నుంచీ నేను ఇంట్లో ఉండను. దానికి వండిపెట్టడానికీ, తల దువ్వడానికీ కూడా తీరదు.

నిన్ను అమ్మా అని పిలిచిందని రాశావు. మంచిదే.

నసిలేలే

---

కాబ్వే,
26 ఏప్రిల్ 1981

అక్కా,

నీ ఉత్తరం సెలవులిచ్చిన మర్నాడు వచ్చింది. సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్న పిల్లకి దాన్ని చదివి వినిపించాను. "పంపవద్దు" అన్నావు చూడు, ఆ మాటని ఎంత మెత్తగా చదివినా మెత్తబడలేదు.

"ఆ పిల్లలకి అమ్మ నాకంటే ఎక్కువ కావాలా?" అంది.

"నీళ్ళు రాలేదమ్మా" అన్నాను.

"నీళ్ళొస్తే బడి మూస్తారు. అప్పుడు నాకు బడి ఉంటుంది. అంతేగా?" అని సంచీ తీసుకెళ్ళి మంచం కిందికి తోసేసింది.

కలలూకా పాసు తీసి, రైల్లో లివింగ్‌స్టన్ తీసుకెళ్ళి జలపాతం చూపించాడు. జనమంతా నోరు తెరుచుకు చూస్తుంటే ఇది, "బాబాయ్, ఈ నీళ్ళన్నీ మా ఊరి మీంచే వస్తాయి కదా? మరి అక్కడ రాలేదన్నారు?" అని అడిగిందట. ఆయన తిరిగొచ్చి నాతో, "ఆ ప్రశ్నకి జవాబు మీ అక్కే చెప్పాలి, నేను చేతులెత్తేశాను" అన్నాడు.

అమ్మా అని పిలిచిందని మురిసిపోయి రాశాను. "మంచిదే" అన్నావు. నీ దగ్గర చదువుకున్న పిల్లలకి తెలుస్తుంది అక్కా, నువ్వు తప్పు లెక్క చూసినప్పుడు ఆ మాటే అంటావు. నేను దొంగతనమేం చెయ్యలేదు. నువ్విచ్చావు, నేను తీసుకున్నాను.

జూన్‌లో ఈ ఏడు వరద ఆలస్యం కనక నీకెలాగూ బడి ఉండదు కదా. నువ్వే రా.

నమూకోలో

---

మోంగూ దగ్గర మెట్ట, మేనమామ గారిల్లు,
28 జూన్ 1981

చెల్లీ,

క్షేమంగా చేరాను. కలలూకా దారికని కట్టించిన వేరుసెనగలు బస్సంతా పంచాను.

అనుకున్న దానికంటే ముందే ఎందుకు బయల్దేరానని బస్టాండులో నువ్వడిగావు. బడి పైకప్పు రెల్లు చూసుకోవాలన్నాను. అది అబద్ధం. ఆలస్యంగా వచ్చిన నీళ్ళు ఇంకా తీయలేదు, బడి ఇప్పుడు నడుం లోతు నీళ్ళలో ఉంది, రెల్లు చూసేదేముంది?

మీ గుమ్మంలో అడుగు పెట్టేసరికి లింపో ఎదురొచ్చింది. ఎంత పొడుగైందో! నేను చేతులు చాచాను. అది లోపలికి పరిగెత్తి, కుర్చీ తెచ్చి వేసింది. గ్లాసుతో నీళ్ళు తెచ్చి, రెండు మోకాళ్ళ మీదా కూర్చుని, కళ్ళు దించుకుని, రెండు చేతులతో అందించింది. చుక్క ఒలకలేదు. ఇంట్లో ఎప్పుడైనా నా పిల్ల నాకు అలా ఇచ్చిందా? పరిగెత్తుకొచ్చి సగం నేను చుట్టుకున్న చీటి గుడ్డ మీద ఒలకబోసి, మిగతా సగం ఇచ్చేది. చుట్టానికిచ్చినట్టు ఇచ్చింది, నమూకోలో. ఆ నీళ్ళు తాగాను, ఎలా తాగానో నాకే తెలియదు.

తర్వాత రోజుల్లో పొద్దున బడికి పోయేది, సాయంత్రం వచ్చి హోంవర్కు. దాని సెలవులు కాదు కదా అవి, నావి. పడుకోవడానికి మాత్రం నీ పక్కకే వచ్చింది. అలవాటని నువ్వన్నావు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఇంకో రెండు రోజులుంటే నీతో ఏదైనా మాట అనేదాన్నేమోనని భయపడి వచ్చేశాను.

పిల్లని చక్కగా పెంచుతున్నావు. ఇది మాత్రం అబద్ధం కాదు. చక్కగా ఉంది కనకనే చూడలేకపోయాను.

నీ అక్క

---

కాబ్వే,
19 జూలై 1981

అక్కా, అక్కా,

నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది? నువ్వు పెద్దదానివి, ఇలా అనకూడదు, అయినా అంటున్నాను.

నువ్వొస్తున్నావని కబురు తెలిసిన రోజు నుంచీ ఆ పిల్ల చేసిన పని ఒకటే. గ్లాసు నిండా నీళ్ళు పోసుకోవడం, గుమ్మం నుంచి కుర్చీ దాకా నడవడం, మోకాళ్ళ మీద కూర్చోవడం. కుర్చీలో కలలూకాని కూర్చోబెట్టేది. పాపం ఆ మనిషి వర్క్‌షాపు నుంచి అలిసి వచ్చి, దాహం లేకపోయినా గ్లాసు మీద గ్లాసు తాగేవాడు. "ఇంక నా వల్ల కాదే, పొట్టలో వరదొచ్చింది" అంటే, "ఒక్కసారి బాబాయ్, ఈసారి ఒలకనివ్వను. అమ్మ ఎప్పుడూ ఒలకబోశానని తిట్టేది" అనేది.

నీకోసం నేర్చుకుంది అక్కా. నువ్వు "శభాష్" అంటావని ఎదురుచూసింది. నువ్వు గ్లాసు కింద పెట్టి, "కాలవ ప్రయాణం బాగా అలసట" అన్నావు. ఆ సాయంత్రం నన్నడిగింది, "నేను సరిగ్గా ఇవ్వలేదా?" అని. నీ పక్కన పడుకోకపోవడానికి అలవాటొక్కటే కారణం కాదు.

ఆ రోజే నన్నడిగితే పోయేది కదా? మనమిద్దరం ఒక గదిలో కూర్చున్నప్పుడు నోరు మెదపం. మధ్యన అంత దూరం పెట్టుకుని కాగితాల మీద పోట్లాడుకుంటాం.

ఆగస్టు ఏడున మూస్తారు. నీకు బడి ఉంటుందని తెలుసు. అయినా పంపనా? ఒక్క మాట రాయి. నువ్వు రమ్మంటేగాని కదలనంటోంది.

నమూకోలో

---

లుటాంగా దిబ్బ,
30 ఆగస్టు 1981

చెల్లీ,

నీ ఉత్తరం మొన్న అందింది. పోస్టు పడవ ఇంజను పాడై నెల రోజులు రేవులో పడి ఉందట. ఆగస్టు ఏడు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు దాని సెలవులు ముగిసిపోతుంటాయి. నేను రాయలేదనుకుని ఉంటుంది. రమ్మనలేదనుకుని ఉంటుంది.

గ్లాసుల సంగతి బడి వెనక గోడ దగ్గర నిలబడి చదివాను. దానికి చెప్పు. శభాష్ అన్నానని చెప్పు. ఆలస్యంగా అన్నానని కూడా చెప్పు.

ఇంకో సంగతి. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మైదానంలో ఉన్న బడులు కూడా ఈ ఏడు డిసెంబరు నుంచి దేశమంతటికీ ఉన్న తారీకులే పాటించవచ్చునట. ఇష్టమైతే హెడ్మాస్టరు సంతకం పెట్టి పంపాలి, ఇష్టం లేకపోతే నీళ్ళ తారీకులే ఉంచుకోవచ్చు. అక్టోబరులో తల్లిదండ్రులతో మాట్లాడి చెప్పమన్నారు.

నేను సంతకం పెడితే డిసెంబరు నాది. వచ్చే ఆగస్టు నాది. మీ బడి మూసిన రోజే మాదీ మూస్తాం. కాగితం బల్ల సొరుగులో పెట్టాను. పాఠం మధ్యలో సొరుగు తెరిచి చూస్తున్నాను. పిల్లలు అందులో తాయిలం ఉందనుకుంటున్నారు.

నసిలేలే

---

కాబ్వే,
20 సెప్టెంబరు 1981

అక్కా,

శభాష్ చెప్పాను. "నిజంగా రాసిందా? చూపించు" అంది. చూపించాను. ఆ వరస మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఆగస్టంతా ముఖం గంటు పెట్టుకుని తిరిగిన పిల్ల ఇదేనా అనిపించింది.

కాగితం సంగతి కూడా చెప్పేశాను. చెప్పకూడదేమో. ఆగలేకపోయాను. అప్పట్నుంచీ దాని కాళ్ళు నేల మీద లేవు. "డిసెంబర్లో మామిడికాయలుంటాయి. చిన్న కాలవలో వలేస్తే చిట్టి చేపలు పడతాయి. అమ్మా నేనూ ఇద్దరం పొద్దున్నే లేవక్కర్లేదు" అని ఒకటే వాగుడు. నేను మిగిలిన గుడ్డలతో గౌను కుడుతున్నాను, పసుపుది. నీలం చూసి చూసి విసుగెత్తింది.

నీకు చెప్పకపోతే ఎవరికి చెప్తాను? మిషను తొక్కుతూ ఉంటే నా గుండెలో ఎక్కడో లాగుతోంది. పండగ రోజుల్లో ఇల్లెలా ఉంటుందో అని. పోయిన ఏడాది ఇది లేదు, అయినా బతికాం. కానీ లేకపోవడం వేరు, వచ్చి వెళ్ళడం వేరు. సరేలే, నీది నీకు రావాలి.

సంతకం పెట్టి పంపు, అక్కా.

నమూకోలో

---

లుటాంగా దిబ్బ,
18 అక్టోబరు 1981

చెల్లీ,

కూర్చుని చదువు.

మొన్న శనివారం తల్లిదండ్రులందరూ బడికి వచ్చారు. ఎండకి ఇనప రేకు కాలినట్టు మైదానం కాలుతోంది. కాగితం చదివి వినిపించాను. పెద్దాయన ముకెలబాయి ఉన్నాడు కదా, మన నాన్నతో చేపల వేటకి వెళ్ళేవాడు, ఆయన లేచాడు.

"టీచరమ్మా, ఈ కాగితం రాసిన దొరగారు ఎప్పుడైనా మన దిబ్బ ఎక్కాడా?"

"లేదు తాతా."

"దోనె ఎక్కాడా?"

"నాకు తెలీదు."

"అయితే వరదొచ్చాక ఆ కాగితం నీళ్ళకి చదివి వినిపించు. వింటాయేమో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు కావలసింది అదే. అలా ఎగతాళి చేస్తే, "చదువుకోని మాటలు మాట్లాడకండి" అని కోప్పడి సంతకం పెట్టేద్దామనుకున్నాను. కలం చేతిలోనే ఉంది.

అప్పుడు వెనక నుంచి ఒకామె లేచింది. మూడో తరగతి చదివే మ్వంగాల తల్లి. చంకలో పిల్లాడు. "టీచర్, మీకేది వీలైతే అదే పెట్టండి. మీ పాప అంత దూరాన ఉంది, మాకు తెలుసు. మా పిల్లలది ఏదో ఒకటి చూసుకుంటాం. వరదలో వచ్చినన్ని రోజులు వస్తారు" అంది. ఎవరూ కాదనలేదు. తలలూపారు.

వాళ్ళు నాకు ఇచ్చేస్తున్నారు నమూకోలో. అడగకుండానే. ఆ మాట వినేసరికి నా చెయ్యి ఆగిపోయింది. వరదలో ఎన్ని రోజులు వస్తారు? దోనెలు పెద్దవాళ్ళకి చేపలకి కావాలి. ఉన్నా ఆ ప్రవాహంలో ఆరేళ్ళ పిల్లల్ని ఎవరు పంపుతారు? ఏటా ఒక టర్ము మొత్తం నీళ్ళలో పోతుంది. నాలుగో తరగతి అయ్యేసరికి పేరు రాయడం వస్తే గొప్ప. లింపో ఇక్కడి నుంచి వెళ్ళి మీ పట్నం పిల్లలతో సమంగా నిలబడిందంటే, దానికి నాలుగేళ్ళూ నిండుగా పాఠాలు దొరికాయి కనక.

నీళ్ళ తారీకులే ఉంచమని రాసి పంపాను.

నాకు నువ్వున్నావన్న ధైర్యంతోనే రాశాను. ఆ ధైర్యం లేకపోతే రాసేదాన్ని కాదు.

నీ అక్క

---

కాబ్వే,
8 నవంబరు 1981

అక్కకి,

నీ ఉత్తరం అందింది. లింపోకి చెప్పాను.

ఏడవలేదు. పసుపు గౌను మడతపెట్టి తెచ్చి నా మిషను మీద పెట్టి, "దీనికి తొందర లేదు పిన్నీ" అంది. ఆ రోజు నుంచీ నన్ను అమ్మా అనడం లేదు. ఎవర్నీ అనడం లేదు.

నువ్వు చేసింది తప్పని నేననలేను. నిన్ను తప్పు పట్టే చోటు నువ్వెప్పుడూ మిగల్చవు. చిన్నప్పుడు కూడా అంతే, నీ వంతు మాంసం ముక్క నాకు పెట్టేసి కూర్చునేదానివి, అది తింటుంటే నాకు గొంతులో అడ్డుపడేది. నువ్వు అందరి పిల్లలకీ అమ్మవే. ఒక్క నీ పిల్లకే టీచరువి.

నా ధైర్యంతో రాశానన్నావు. నా ధైర్యం నువ్వు వాడుకున్నావు. సాయంత్రం దాని మొహం చూసేది మాత్రం నేను.

ఇంక సెలవుల తారీకులు నీకు రాయను. రాసి ఏం లాభం?

నమూకోలో

---

కాబ్వే,
29 నవంబరు 1981

అక్కా,

పోయిన ఉత్తరం చింపెయ్యి. చింపడానికి మనసొప్పకపోతే పొయ్యిలో పెట్టు.

ఇప్పుడు రాసేది వేరే. నిన్న రాత్రి భోజనాల దగ్గర కలలూకా మామూలుగా అడిగాడు, "ఇంతకీ లుటాంగాలో డిసెంబర్లో పొద్దున్నుంచీ సాయంత్రం దాకా మీ అమ్మ ఏం చేస్తుంది?" అని.

"పాఠం చెప్తుంది" అంది లింపో, ముద్ద చేతిలో పట్టుకుని. తర్వాత ఆ ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. గౌను అంచు నోట్లోకి పోయింది. నువ్వన్నట్టే చెయ్యి పట్టుకుని పక్కన పెట్టబోయాను. అప్పుడు అంది:

"అయితే నేనూ బడికి వెళ్తాను."

"నీకు సెలవులు కదే" అన్నాను.

"నాకే కదా. బడికి లేవు కదా. వెళ్ళి అందరితో పాటు కూర్చుంటాను. అమ్మ వంట చెయ్యక్కర్లేదు, తల దువ్వక్కర్లేదు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అమ్మని చూస్తూ కూర్చోవచ్చు."

కలలూకా నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. "మీ అక్కాచెల్లెళ్ళు ఏడాది నుంచీ ఇంత తపాలా నడిపారు. ఇద్దరిలో ఒక్కరికీ ఈ మాట తోచలేదా?" అన్నాడు. ఆయనకి మాత్రం తోచిందా ఏం?

నీ పిలుపు కోసం ఆగనంటోంది. ఇదివరకు ఆగి చూశానంది. శుక్రవారం బడి మూస్తారు, శనివారం బస్సు. కలలూకా సెలవు పెట్టాడు, మోంగూ రేవులో పడవెక్కించి వస్తాడు. ఈ ఉత్తరం కూడా దాని చేతికే ఇచ్చి పంపిస్తాను, పోస్టుని నమ్మను.

పసుపు గౌను వేసుకునే వస్తోంది. చేతులు కాస్త పొట్టిగా కుదిరాయి, తప్పు నాదే.

మూడు పళ్ళాలు పెట్టే అలవాటు ఎలా మానుకోవాలో తెలీదు. జనవరిలో బడి తెరిచేటప్పటికి పంపిస్తావుగా? అడగకూడదనుకున్నాను. అడిగేశాను.

నీ చిన్నది,
నమూకోలో

---

లుటాంగా దిబ్బ,
13 డిసెంబరు 1981

నా చెల్లికి,

పంపిస్తాను. అదే ముందు రాస్తున్నాను, మిగతాది ఊపిరి పీల్చుకుని చదువుదువుగాని. ఇంకా మంచిది, నువ్వే వచ్చి తీసుకెళ్ళు. పుట్టిన నేల చూసి నీకెన్నేళ్ళైంది?

నీ ఆ కోపం ఉత్తరం చింపలేదు, పొయ్యిలోనూ పెట్టలేదు. అందులో అబద్ధమేముందని పెట్టను?

పడవ దిగినప్పుడు రేవులో ఎవరూ లేరు. వస్తుందని నాకేం తెలుసు? సంచీ నెత్తిన పెట్టుకుని, వానకి తడిసిన గట్టు మీద ఒక్కతే నడిచి తిన్నగా బడికే వచ్చింది. నేను బోర్డు మీద రాస్తున్నాను. వెనక గుసగుసలు లేచాయి. "మాట్లాడకండి" అని తిరక్కుండానే కసిరాను. తిరిగి చూస్తే గుమ్మంలో పసుపు రంగు కనిపించింది.

ఆ సాయంత్రం ఎలా గడిచిందో రాయలేను. మేమిద్దరం ఏం మాట్లాడుకోవాలో తెలియక కాబ్వేలో మిఠాయిల ధరల గురించి మాట్లాడుకున్నాం. మర్నాడు నాలుగో తరగతి వాళ్ళతో చాప మీద కూర్చుంది. "ఈ లెక్కలు నాకొచ్చు టీచర్" అంది. టీచర్ అంది, బళ్ళో అలాగే అనాలని నేనే చిన్నప్పుడు నేర్పాను. మూడు రోజులు అదే పిలుపు, ఇంట్లో కూడా. నేను దిద్దలేదు. అడిగి పిలిపించుకుంటే అది పిలుపవుతుందా?

మొన్న పొద్దున హాజరు పిలుస్తున్నాను. నాలుగో తరగతి చివరి పేరు అయిపోయింది, పుస్తకం మూశాను. చెయ్యి లేచింది.

"నా పేరు పిలవలేదు" అంది లింపో.

"నీ పేరు ఈ బళ్ళో లేదు కదమ్మా. నీది కాబ్వే బడి."

"పిలవండి, ఒక్కసారి."

పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. కుర్ర మాస్టారు కూడా పాఠం ఆపి చూస్తున్నాడు. మూసిన పుస్తకం మళ్ళీ తెరిచాను. రాయని పేరుని చదువుతున్నట్టు వేలు పెట్టుకుని, "లింపో" అని పిలిచాను.

"ఉన్నానమ్మా" అంది.

బడంతా గొల్లుమంది. "అమ్మట, అమ్మట! టీచర్ అనాలి!" అని చిన్నవాళ్ళు చాప మీద పడి దొర్లారు. అది సిగ్గుపడలేదు. నిటారుగా కూర్చుని నా వైపే చూసింది. నేను హాజరు పుస్తకం మూయకుండా వేలు ఆ పేజీ మీదే ఉంచాను. మ్వంగాల లేచి, "టీచర్, ఇంకా ఎవరినైనా పిలవాలా?" అని అడిగింది.

లేదమ్మా, అందరూ వచ్చారు అన్నాను.

నీ అక్క,
నసిలేలే